మూసిన గేటు ముందు మైకు

ఎన్నికలు వచ్చాయని తెలుసుకోవడానికి మా జగిత్యాల దిక్కు ఎవరికీ పేపరు అక్కర్లేదు. మల్లాపూర్ మండలం ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు మైకు పెట్టారంటే వచ్చినట్టే. కండువా రంగు మారుతుంది గానీ మాట మారదు: "తెరిపిస్తాం." ఎట్లా తెరిపిస్తారు సారూ అని నోరు తెరిచి అడిగితే చాలు, వాడు అవతలి పార్టీవాడు.

నిజాం షుగర్స్ అంటే ఆషామాషీ సంస్థ కాదు. 1937లో బోధన్‌లో మొదలైంది. ఆ తర్వాత మా ముత్యంపేటలో ఒకటి, మెదక్ దగ్గర మంబోజిపల్లిలో ఒకటి వచ్చాయి. 2002లో అప్పటి ప్రభుత్వం 51 శాతం వాటాను ప్రైవేటుకు ఇచ్చేసింది. తర్వాత వచ్చినవాళ్లు ఆ అమ్మకం మీద శాసనసభా సంఘం వేశారు. ఫ్యాక్టరీ మాత్రం సర్కారు చేతికి రాలేదు. తెలంగాణ వస్తే వంద రోజుల్లో స్వాధీనం చేసుకుంటామన్నారు ఇంకొకరు. తెలంగాణ వచ్చింది. వంద రోజులూ పోయాయి. 2015 డిసెంబర్‌లో మూడు ఫ్యాక్టరీలకూ లేఆఫ్ నోటీసు అంటించారు. 2019లో వ్యవహారం లిక్విడేషన్ దాకా పోయింది. 2024 జనవరిలో కొత్త ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసింది. మూత పడ్డాక 2018, 2019, 2023, 2024... నాలుగు పెద్ద ఎన్నికలు జరిగాయి. నాలుగుసార్లూ ఆ గేటును నోటితోనే తెరిచారు.

చెరుకు అంటే ఏమిటో ఈ మైకు పట్టుకున్నవాళ్లకు తెలుసా? ఏడాది పొడవునా పొలంలో నిలబడే పంట అది. నరికిన తర్వాత ఆగదు. ఎండలో ఒక్కో రోజు గడిచే కొద్దీ తూకం తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. పక్కూరి ఫ్యాక్టరీకి పోవాల్సిన చెరుకును కామారెడ్డి దాకా లారీలకెక్కించిన రైతు కిరాయి కట్టాడు, తూకంలో నష్టపోయాడు, చివరికి విసుగొచ్చి వరి నాటాడు. ఇప్పుడు ఆఫీసుల్లో వినిపించే కొత్త మాట, చెరుకు విస్తీర్ణమే లేనప్పుడు ఫ్యాక్టరీ ఎట్లా నడుస్తుందని. ఫ్యాక్టరీ లేకుండా చెరుకు ఎట్లా వేయాలి? పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెతను మా ముసలోళ్లు మా కోసమే పుట్టించినట్టున్నారు.

మా రైతులు ఊరికే కూర్చోలేదు. 2019 లోక్‌సభ ఎన్నికలు గుర్తున్నాయా? నిజామాబాద్ స్థానమే, కానీ మా కోరుట్ల, జగిత్యాల కూడా అందులోనే ఉన్నాయి. పసుపుకు క్వింటాలుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 ఇవ్వాలని, పసుపు బోర్డు కావాలని అడిగి అడిగి అలసిపోయి రైతులే నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు, అందులో 178 మంది రైతులు. ఒక్కో పోలింగ్ బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పేర్చాల్సి వచ్చింది. కొందరైతే ప్రధాని మీద పోటీ చేస్తామని వారణాసికి రైలెక్కారు. అంతకు ముందు 1996లో నల్గొండలోనూ ఇట్లాగే ఫ్లోరైడ్ నీళ్ల బాధ చెప్పుకోవడానికి 480 మంది బరిలో దిగాల్సి వచ్చింది. దరఖాస్తు కాగితాన్ని ఎవరూ చదవరని తెలిసినవాడు బ్యాలెట్ కాగితాన్నే దరఖాస్తు చేసుకున్నాడు.

అప్పుడు మాకో బాండు పేపరు కూడా దక్కింది. గెలిస్తే ఐదు రోజుల్లో బోర్డు తెస్తానని బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ రాసిచ్చారు. జనం నమ్మి గెలిపించారు. అప్పటి ముఖ్యమంత్రి కూతురినే ఓడించారు. బోర్డు ప్రకటన 2023 అక్టోబర్‌లో వచ్చింది, మరో ఎన్నిక గుమ్మంలో ఉండగా. బోర్డు మొదలైంది 2025 సంక్రాంతికి. ఐదు రోజులు ఐదున్నరేళ్లు దాటాయి. సరే, వచ్చింది, సంతోషం. కానీ రైతు మొదట అడిగింది బోర్డునా, ధరనా? కనీస మద్దతు ధర ఉన్న పంటల జాబితాలో పసుపు లేదు. బోర్డుకు బోర్డు కట్టారు, ధర సంగతి ఎవరూ ఎత్తరు.

ఆదిలాబాద్ పోతే కథ అదే, గేటు వేరు. సిమెంట్ కార్పొరేషన్ (సీసీఐ) ఫ్యాక్టరీ తొంభైల్లో ఆగిపోయింది. భూమి ఉంది, సున్నపురాయి ఉంది, లేనిది పొగ ఒక్కటే. ఢిల్లీది కదా అని హైదరాబాద్ చెయ్యి చూపిస్తుంది. లాభం లేదని ఢిల్లీ తల తిప్పుకుంటుంది. ఎన్నికలప్పుడు మాత్రం ఇద్దరూ ఆ గేటు దగ్గరే కలుస్తారు. 2024 మార్చి 4న ప్రధాని ఆదిలాబాద్‌కే వచ్చి దేశం మొత్తానికి 56 వేల కోట్లకు పైబడిన పనులు మొదలుపెట్టారు. ఆ మూట విప్పి చూస్తే సీసీఐ లేదు. ఆర్మూర్, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్‌కు రైలు అంటారా, అది పోస్టర్ల మీద ఎప్పటి నుంచో నడుస్తూనే ఉంది. నిర్మల్ పట్నంలో మాత్రం స్టేషన్ లేదు.

నాకు మంట అబద్ధం మీద కాదు. అబద్ధం చెప్పేవాడు కనీసం ఎదుటివాడికి భయపడి కొత్తది అల్లుతాడు. వీళ్లకు ఆ పాటి భయం కూడా లేదు. తండ్రికి చెప్పిందే కొడుకుకూ చెబుతున్నారు. ఆ కొడుకు మస్కట్‌లోనో దుబాయ్‌లోనో లేబర్ క్యాంపులో ఫోన్‌లో ఆ స్పీచ్ చూస్తున్నాడు. వాడు ఓటు వెయ్యాలంటే టికెట్ కొనుక్కుని ఊరికి రావాలి. ఫ్యాక్టరీ నడిచి ఉంటే అట్లాంటి కొడుకుల్లో కొందరికైనా ఆ విమానం ఎక్కాల్సిన అవసరం ఉండేది కాదు.

పింఛన్లు, ఫ్రీ బస్సు, గ్యాసు పథకాలు వద్దని నేననను. ఆకలికి అవి కావాలి. కానీ ఊళ్లో పని ఏది అని అడిగినప్పుడల్లా ఇంకో పథకం పేరు చెప్పి చేతిలో ఫారం పెట్టొద్దు.

వచ్చేసారి మైకు పట్టుకుని వచ్చే అన్నలకు ఒక్క విన్నపం. ఏ బ్యాంకు బాకీ ఎవరు కడతారు, మిషన్లు పాతవా కొత్తవా, మొదటి క్రషింగ్ ఏ ఏడాది, టన్నుకు ఎంత ఇస్తారు, పైసలు ఎన్ని రోజులకు పడతాయి, ఇవి రాసుకుని రండి. దండలు, డప్పులు ఆ తర్వాత. అసలు అన్నిటికంటే ముందు, ఆ తాళంచెవి ఇప్పుడు ఎవరి దగ్గరుందో చెప్పండి.