‘అనుకున్నా’ అంటే కుదరదు

గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే దారిలో దిగువమెట్ట దాటితే ఇక అడవే. ఘాట్ మలుపులు మొదలుకాకముందే ఈమధ్య ఒకరోజు కారు ఆపాల్సి వచ్చింది. ఎడమవైపు వెనక చక్రం దగ్గర కంభం నుంచీ ఏదో చప్పుడు. రోడ్డు గతుకులనుకున్నాం. నున్నటి తారు మీద కూడా టకటకమంటూనే ఉంది. దిగి చక్రం దగ్గర కూర్చుని నట్టు పట్టుకుంటే వేళ్లతోనే తిరిగింది. నాలుగు నట్లలో మూడింటిది అదే పరిస్థితి. వెనక సీట్లో మా అమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్నారు.

ముందురోజే మార్కాపురంలో ఒక షెడ్డులో సర్వీసింగ్ చేయించాను. ఇంజన్ ఆయిల్ మార్చారు. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి వేశారు. శుభ్రంగా కడిగి, అద్దాలు తుడిచి ఇచ్చారు. ఆ ఒక్క చక్రానికి మాత్రం నట్లు చేత్తో ఎక్కించి, పానా వేయలేదు. దారిలోనే ఉన్నంతలో బిగించుకుని, గిద్దలూరు వెనక్కి వచ్చి, నాలుగు చక్రాలూ చూపించుకున్నాకే మళ్లీ బయల్దేరాం.

ఊరికి తిరిగొచ్చాక ఆ షెడ్డుకు వెళ్లి అడిగాను. “కుర్రోడు బిగించాడనుకున్నా సార్” అన్నాడు మేస్త్రీ. “మేస్త్రీ ఒకసారి చూస్తాడనుకున్నా సార్” అన్నాడు కుర్రాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరికీ పని వచ్చు. కానీ ఆ రెండు ‘అనుకున్నా’ల మధ్య నా కుటుంబం కనుమ దాకా ప్రయాణం చేసింది. ఈ వారం నేను రాస్తున్నది ఆ ఒక్క మాట గురించే.

మన ప్రాంతంలో ఆ మాట ఖరీదు ఎక్కువ. గిద్దలూరు నుంచి నంద్యాలకు నల్లమల ఘాట్, దోర్నాల నుంచి శ్రీశైలానికి ఇంకో ఘాట్. దోర్నాల దారి పులుల అభయారణ్యంలోంచి పోతుంది కాబట్టి రాత్రివేళ వాహనాలను గేటు దగ్గరే నిలిపేస్తారు. అడవి మధ్యలో బండి ఆగితే పలికే మనిషి ఉండడు, చాలాచోట్ల ఫోన్ కూడా పలకదు. పట్నంలో వదులైన నట్టు ఒక పూట ఇబ్బంది. కనుమలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

నట్టు ఒక్కటే కాదు. మన షెడ్లలో తరచూ జరిగే పొరపాట్లు మూడు చెబుతాను. మొదటిది ఆయిల్ మార్చేటప్పుడు ఇంజన్ అడుగున ఉండే డ్రెయిన్ బోల్ట్. చాలా కార్లలో ఆ అడుగు తొట్టి అల్యూమినియంతో ఉంటుంది. కారకూడదని బలంకొద్దీ బిగిస్తే మర కొట్టుకుపోతుంది. పాత వాషరే మళ్లీ వేస్తే చుక్క చుక్కగా ఆయిల్ కారుతుంది. వాషర్ ధర కొద్ది రూపాయలు. ఆయిల్ అయిపోయి ఇంజన్ పట్టేస్తే అయ్యే ఖర్చు వేలల్లో ఆగదు.

రెండోది నీళ్లు. పొదిలి, కనిగిరి, మార్కాపురం ప్రాంతాల బోరు నీళ్ల సంగతి మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ మన ఎముకలకు చేసిన చేటు తెలుసు. ఆ నీళ్లలో కరిగి ఉండే సున్నపు లవణాలు కాచిన గిన్నె అడుగున తెల్లగా పొర కట్టడం రోజూ చూస్తున్నాం. కూలెంట్ తగ్గిందని షెడ్డులో కుళాయి తిప్పి రేడియేటర్‌లో ఆ నీళ్లే పోస్తే అదే పొర సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. చలికాలంలో ఏమీ తెలియదు. మే నెల ఎండలో ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ కుతకుత ఉడుకుతుంది. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయమని కంపెనీలు ఊరికే చెప్పవు.

మూడోది బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక 140 డిగ్రీలకే మరిగే స్థితికి రావచ్చు. ఘాట్ దిగుతూ మాటిమాటికీ బ్రేక్ తొక్కితే ఆ వేడికి లోపల ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. అందుకే చాలా కార్లకు రెండేళ్లకొకసారి దాన్ని మార్చమంటారు. కొన్ని షెడ్లలో డబ్బా మూత తీసి, మట్టం సరిపోయిందని మూసేస్తారు. మట్టం చూస్తే చాలదు, వయసు కూడా చూడాలి.

ఈ ‘అనుకున్నా’ చదువు లేని మెకానిక్‌ల జబ్బు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలాగా బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి ఆకాశంలో కాక్‌పిట్ అద్దం ఊడిపోయింది. గాలి పైలట్‌ను నడుం దాకా బయటికి లాగేసింది. సిబ్బంది ఆయన కాళ్లు గట్టిగా పట్టుకున్నారు. కోపైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. అదృష్టం బాగుండి అందరూ బతికారు. విచారణలో తేలింది ఏమిటంటే, అంతకుముందే మార్చిన ఆ అద్దానికి వేసిన 90 బోల్టుల్లో 84 ఉండాల్సినదానికన్నా సన్నవి. వేసినవాడు అనుభవజ్ఞుడైన పర్యవేక్షకుడు. పాత బోల్టును పక్కన పెట్టి కంటితో పోల్చి, ఇదేననుకున్నాడు. ఆ పనిని ఇంకొకరు చూడాలన్న నియమం లేదు. అక్కడ కూడా ముంచింది ‘అనుకున్నా’నే.

కాబట్టి అజాగ్రత్తకు మందు తిట్లు కాదు, పద్ధతి. చక్రం నట్లకు కంపెనీ చెప్పిన బిగింపు ఉంటుంది. చిన్న కార్లకు అది 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. అంటే మీటరు కడ్డీ చివర పది కిలోల బరువు వేలాడదీసినంత. పానా మీద ఎక్కి తొక్కితే అది దాటిపోతుంది, వేళ్లతో వదిలేస్తే అందదు. ఆ బిగింపును కొలిచి చూపే టార్క్ రెంచ్ ప్రతి షెడ్డులో ఉండాల్సిన పనిముట్టు. చక్రం విప్పిన ప్రతిసారీ వంద కిలోమీటర్లలోపు మళ్లీ ఒకసారి సరిచూడాలి.

మన వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. షెడ్డులో బండి పెట్టి “గంటలో కావాలి” అంటాం. లేబర్ చార్జీ దగ్గర వందకూ యాభైకీ బేరమాడతాం. నాలుగు బండ్లు ఒకేసారి మీద పడ్డ మేస్త్రీ ఒక నట్టు దగ్గర లేచి ఫోన్ ఎత్తితే, తిరిగొచ్చాక ఎక్కడ ఆపాడో గుర్తుండదు. మార్కాపురంలో పలకరాయిని పొరలుగా చీల్చే చేతులను చూసినవాళ్లకు ఇది తెలుసు. తొందరపెడితే రాయి విరుగుతుంది. చేతిపనికి ఇవ్వాల్సిన సమయమూ కూలీ ఇచ్చి, ఆ తర్వాతే నాణ్యత అడగాలి.

అడగడం మాత్రం మానకూడదు. తప్పు జరిగితే చాలామంది నోరెత్తకుండా షెడ్డు మార్చేస్తారు. దాంతో ఆ తప్పు అక్కడే ఉండిపోయి తర్వాతి కారుకు తగులుతుంది. ముందు ఫోటో తీయండి, కిలోమీటర్ రీడింగ్ రాసుకోండి. వెనక్కి వెళ్లి నెమ్మదిగా చెప్పండి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. ఉచితంగా సరిచేసే మేస్త్రీని వదులుకోకండి. చేయనంటే, జరిగిన నష్టం పెద్దదైతే, చట్టం ఉంది. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవలో లోపం మీద రెండేళ్లలోపు, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. 1915కు ఫోన్ చేసినా సలహా ఇస్తారు. అయితే వీటన్నిటికీ రుజువు కావాలి. బిల్లు అడగండి. చిన్న షెడ్డయినా కాగితం మీద తేదీ, చేసిన పని, వేసిన ఆయిల్ రకం రాసివ్వగలదు.

మేస్త్రీలను నేను కోరేది ఒక్కటే. బిగించిన చేయి, చూసే కన్ను ఒకరివి కాకూడదు. కుర్రాడు బిగిస్తే మీరు చూడండి. మీరు బిగిస్తే కుర్రాడి చేత చూపించండి. చూసినవాళ్లు ప్రతి నట్టు మీదా సుద్దతో ఒక గీత పెట్టండి. గోడకు ఒక పలక తగిలించి, బండి నంబరు పక్కన రెండు పేర్లు రాయండి: బిగించింది ఎవరు, చూసింది ఎవరు. ఆ పేర్లు చెరపకముందే కారు యజమానికి చూపించండి.

ఒకప్పుడు దేశంలో ఎన్నో ఊళ్ల బడిపిల్లలు అక్షరాలు దిద్దింది మన మార్కాపురం పలకల మీదే. వాటిలో ఒకటి మన షెడ్డు గోడ మీద ఉంటే, ‘అనుకున్నా’ అనే మాట అవసరం ఎవరికీ రాదు.