పిచ్చుకకు పిలుపు సరే.. పావురానికి వద్దు

ఈ మధ్య మా గద్వాలలో చాలామంది ఫోన్లలో పిట్టల ఫొటోలు కనబడుతున్నాయి. పెరట్లో జామకొమ్మకు కట్టిన గింజల గిన్నె మీద పిచ్చుక, నీళ్ల మూకుడు అంచున గోరింక, మందారం దగ్గర తేనెపిట్ట. పొద్దున్నే వాట్సాప్ స్టేటస్‌లో ఇవి చూస్తే నాకూ సంతోషమే. రిటైరైనవాళ్లు కుర్చీ వేసుకుని గంటసేపు ఓపికగా కూర్చుంటున్నారు. సెలవుల్లో పిల్లలు గేమ్స్ ఆపి వెలుతురులోకి వస్తున్నారు. రోజూ కాసేపు ఆరుబయట గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తగ్గుతుందని కంటి డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. కాబట్టి ఈ అలవాటు మానేయమని నేను చెప్పను. నా అభ్యంతరమల్లా పావురంతోనే.

పిచ్చుకలు నాలుగు గింజలు తిని ఎగిరిపోతాయి. పావురాలు అలా కాదు. రెండు రోజులు జొన్నలు వేస్తే మూడో రోజు పది వస్తాయి, నెల తిరిగేసరికి ఏసీ వెనక, బాత్‌రూమ్ డక్ట్‌లో కాపురం పెడతాయి. వాటి రెట్ట ఎండి పొడి అవుతుంది. ఈకల నుంచి కంటికి కనిపించని తెల్లటి ధూళి రాలుతుంది. ఈ రెండింటిలోని ప్రొటీన్లను రోజూ పీలిస్తే కొందరి శరీరం వాటిని శత్రువుగా భావించి ఊపిరితిత్తుల్లోనే యుద్ధం మొదలుపెడుతుంది. దీన్ని హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటాం. అందరికీ రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. కానీ వచ్చి, పట్టించుకోకుండా వదిలేస్తే ఊపిరితిత్తులు మెత్తదనం పోయి గట్టిపడతాయి. అలా గట్టిపడిన భాగాన్ని తిరిగి మామూలుగా మార్చే మందు లేదు.

ఓపీకి వచ్చిన ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. ఏడాదిగా పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ఆస్తమా అని ఇన్‌హేలర్లు వాడారు, టీబీ అనుమానంతో కఫం పరీక్షా అయింది. ఇంట్లో పక్షులున్నాయా అని అడిగితే ‘‘లేవు సార్, మేం పెంచం’’ అన్నారు. నిజమే, పెంచలేదు. పక్కనున్న మనవరాలు ఫోన్ తీసి ‘‘ఇవి అమ్మమ్మ తీసిన ఫొటోలు’’ అని చూపించింది. బాల్కనీ గ్రిల్ మీద వరుసగా ఇరవైకి పైగా పావురాలు. వాటి వెనక పడకగది కిటికీ. కిటికీకి బిగించిన కూలర్! నెలల తరబడి ఆ కూలర్ బాల్కనీ దుమ్మునంతా లోపలికి లాగి ఆమె మంచం మీదికి విసురుతోంది. పెంచడం వేరు, గింజలు వేయడం వేరు అన్నది మన లెక్క. ఊపిరితిత్తులకు ఆ తేడా తెలియదు.

కూలర్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. దేశంలోని 19 నగరాల్లో 1,084 మంది ఊపిరితిత్తుల రోగులను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 47 శాతం మందికి ఉన్నది ఈ జబ్బే. వారిలో ఎక్కువమందికి సంబంధం కనిపించింది కూలర్లతో, ఆ తర్వాత పక్షులతో. ఎండాకాలమంతా కూలర్ కిందే బతికే మన నడిగడ్డలో ఈ రెండూ ఒకే కిటికీ దగ్గర కలవకూడదు.

పావురాలకు గింజలు వేయడం పుణ్యమని నమ్మేవాళ్లకు నా మాట రుచించదని తెలుసు. 2025 ఆగస్టులో ముంబయిలోని దాదర్ కబూతర్‌ఖానాను టార్పాలిన్లతో మూసినప్పుడు పెద్ద గొడవే జరిగింది. బాంబే హైకోర్టు మాత్రం ప్రజల ఆరోగ్యానికే మొగ్గు చూపింది. నాకూ అదే సబబనిపిస్తుంది. మన పుణ్యం కోసం పై అంతస్తులోని పసిపిల్లాడో, కీమోథెరపీ తీసుకుంటున్న పక్కింటాయనో ఆ గాలి పీల్చాలా? రోగనిరోధక శక్తి తగ్గినవారికి పావురాల రెట్టలో పెరిగే క్రిప్టోకాకస్ అనే ఫంగస్ మెదడు పొరల దాకా వెళ్లగలదు.

మరి ఫొటోల సంగతి? ఫోన్‌కు అందాలని గిన్నెను బాల్కనీకో కిటికీకో కట్టేస్తాం. చిక్కంతా అక్కడే ఉంది. దాన్ని పెరట్లో చెట్టుకు, కిటికీలకు పదిహేను అడుగుల అవతల కట్టండి. ఉదయపు ఎండలో కాస్త జూమ్ చేస్తే చాలు. బొమ్మ కొంచెం మసకగా వస్తే కొంప మునిగిపోదు. గూడు దగ్గర మాత్రం ఫ్లాష్ వద్దు. గింజలు నేల మీద, డాబా మీద చల్లకండి. పెద్దలు చూరుకు వేలాడదీసిన వరికంకుల కుచ్చు ఉంది చూడండి, దానికి మించిన ఫీడర్ నేనింకా చూడలేదు. పిచ్చుక దాన్ని పట్టుకుని ఊగుతూ తింటుంది. బరువైన పావురానికి అది కుదరదు. ఫొటో కూడా గిన్నె కన్నా అందంగా వస్తుంది. గిన్నే వాడితే గుప్పెడు కొర్రలు చాలు, వారానికోసారి సబ్బుతో కడగాలి. 2005 నుంచి బ్రిటన్‌లో ట్రైకోమోనోసిస్ అనే జబ్బుతో గ్రీన్‌ఫించ్ పిట్టలు భారీగా చనిపోయాయి. అది పక్షులు గుమిగూడే ఫీడర్ల దగ్గర వ్యాపించింది. మూకుడులో నీళ్లు రోజూ మార్చండి, లోపలి అంచును పీచుతో రుద్దండి. డెంగీ దోమ గుడ్లు అక్కడే అంటుకుని ఉంటాయి.

ఇప్పటికే పావురాలు చేరి ఉంటే పొడి చీపురుతో ఊడ్చకండి. ముందు నీళ్లు చల్లి బాగా తడిపి, ఎన్-95 మాస్కు పెట్టుకుని ఎత్తేయాలి. ఆ తర్వాత వల బిగించండి. దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లు ఈ పని ఇంకొకరికి అప్పగించి ఆ పూట ఇంట్లో ఉండకపోవడమే మంచిది. వలకయ్యే ఖర్చు అపార్ట్‌మెంట్ సంఘం భరించాలి, ఎందుకంటే డక్ట్ గాలి అన్ని ఇళ్లకూ వెళ్తుంది. పక్షుల దగ్గర గడిపిన నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో జ్వరం, ఒళ్లునొప్పులు, దగ్గు వచ్చి తగ్గిపోతూ మళ్లీమళ్లీ వస్తున్నా, మూడు వారాలు దాటి పొడిదగ్గు వదలకున్నా ఛాతీ డాక్టరును కలవండి. ఫోన్‌లోని ఆ బాల్కనీ ఫొటోలూ చూపించండి. ఆయన అడిగే సగం ప్రశ్నలకు జవాబు వాటిలోనే దొరకవచ్చు.