"సో..." అంటే ఏమిటండీ?

కిందటి నెలలో మా మేనకోడలిని చూసుకోవడానికి పెళ్ళివారొచ్చారు. ఉప్మా, కాఫీలు అయ్యాయి. కుర్రాడి తండ్రిగారు జేబురుమాలుతో మూతి తుడుచుకుని, "మావాడి ఉద్యోగం బెంగుళూరులో. అమ్మాయిదేమో హైదరాబాదులో. సో..." అని మా అన్నయ్య వంక చూసి చిరునవ్వు నవ్వారు.

అంతే! ఆ తరవాత ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు. మా అన్నయ్య తల ఊపాడు. వదిన ఊపింది. నాకు తెలియకుండానే నా తల కూడా ఊగింది. పిల్ల ఉద్యోగం మానెయ్యాలన్న సంగతి ఎవరూ చెప్పకుండానే గదిలో అందరికీ అర్థమైపోయింది. ఒక్కటంటే ఒక్క అక్షరం, ఆరేళ్ళ ఉద్యోగాన్ని ఎగరేసుకుపోయింది!

అందరూ అనే మాటకి ఇంత రాద్ధాంతమా అంటారేమో. టీవీలో వంటలమ్మ "సో, ఇప్పుడు ఉల్లిపాయలు వేసుకుందాం" అంటే నాకేమీ అభ్యంతరం లేదు. అది ఊతపదం. వెనకటివాళ్ళు "ఆఁ, మరేఁ" అన్నట్టే. నా తగువల్లా రెండో "సో"తో. ముందు హేతువు సగం చెప్పి, తరవాత తీర్పు అసలు చెప్పకుండా, మిగతాది మన చేతే ఒప్పించుకునే "సో"తో.

మన తెలుగులో ఈ పనికి ఎన్ని మాటలున్నాయో చూడండి. కాబట్టి, కనుక, అందుచేత, అందువల్ల, మాటల్లో అంచేత, అందుకని, తెలంగాణలో గందుకే. "అందుచేత"లో "అందు" అన్నది వేలెత్తి వెనక్కి చూపిస్తుంది, ఇదిగో కారణం ఇక్కడుందీ అని. "కాబట్టి"లో దాగి ఉన్న "పట్టి" మనం బళ్ళో వల్లించిన పంచమీ విభక్తే. ఒక కారణాన్ని పట్టుకుంటేనే గాని ఆ మాటకి నిలకడ లేదు. ఇంగ్లీషువాళ్ళ "దేర్‌ఫోర్"లో "దేర్" కూడా అలా వెనక్కి చూపించేదే.

ఆ దేర్‌ఫోర్‌కి లెక్కల్లో మూడు చుక్కల గుర్తుంది, జ్ఞాపకముందా? 1659లో యోహాన్ రాన్ అనే స్విట్జర్లాండాయన తన బీజగణితం పుస్తకంలో వాడాడు దాన్ని. మా లెక్కల టీచరుగారు, పక్కన కారణం రాయకుండా ఆ మూడు చుక్కలు పెడితే నిర్దాక్షిణ్యంగా మార్కు కోసేసేవారు. పెళ్ళిపెద్దగారి "సో" తరవాత కూడా మూడు చుక్కలే ఉన్నాయి. కాని మార్కు కోసేవాళ్ళెవరూ లేరు!

ఇంకో సంగతి. మన న్యాయశాస్త్రంవారు ఒక విషయం రుజువు చెయ్యాలంటే అయిదు మెట్లు ఎక్కాలన్నారు. కొండమీద నిప్పుంది; ఎందుకంటే పొగ కనిపిస్తోంది; పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లోలాగ; ఈ కొండమీదా అటువంటి పొగే ఉంది; కాబట్టి నిప్పుంది. "కాబట్టి" అనే యోగ్యత అయిదో మెట్టు మీదగాని రాదన్నమాట. పైగా ఉదాహరణ చూశారా? వంటిల్లు! మన పొయ్యి దగ్గర తర్కం నేర్చుకుని, ఆనక "ఆడవాళ్ళకి తర్కమేమిటి" అన్నారు మహానుభావులు.

మగవాళ్ళు మనతో మాట్లాడేటప్పుడు ఈ అయిదు మెట్లూ ఎక్కరు. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమంటారు. "నీకు పెళ్ళిలో పెట్టవలసిందంతా పెట్టాం, సో... ఇక్కడో సంతకం పెట్టమ్మా" అనే అన్నదమ్ములు లేని ఊరుందా? 1985లో ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వాటా ఇచ్చినప్పుడు, ఆ సెప్టెంబరు 5కి ముందే పెళ్ళయినవాళ్ళని పక్కన పెట్టారు. 2005లో చట్టం దేశమంతటా మారింది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా పంచుకున్న ఆస్తుల మాట అలా ఉంచితే, హిందూ కుటుంబాల్లో కూతురికి పెళ్ళయిందా లేదా అన్న ప్రసక్తే లేదు. చట్టం తన "కాబట్టి"ని దిద్దుకుంది. ఇళ్ళల్లో "సో" మాత్రం దిద్దుకోలేదు.

"తెలుగులో అంటే మాత్రం అన్యాయం న్యాయమైపోతుందా?" అని మావారు అడిగారు. అవదు. "ఆడదానివి కాబట్టి" అన్న మాట మన అమ్మమ్మలు విన్నదే. కాని వాక్యం పూర్తిగా పలికితే దాని వంకర పలికినవాడి చెవికే వినిపిస్తుంది. "మావాడు బెంగుళూరులో ఉన్నాడు కాబట్టి మీ అమ్మాయి ఉద్యోగం మానెయ్యాలి" అని నిండుగా అనమనండి. వెంటనే ఎదురుప్రశ్న పుడుతుంది, "మీ అమ్మాయి హైదరాబాదులో ఉంది కాబట్టి మావాడు మానెయ్యాలి" అని ఎందుకు కాకూడదని? ఆ ప్రశ్న పుట్టకుండా అడ్డం పెట్టే తెర, ఈ "సో".

అందుచేత (హేతువులన్నీ చెప్పాకే అంటున్నాను) మనం చెయ్యవలసింది ఒక్కటే. తల ఊపకండి. "సో అంటే? ఆ వాక్యం పూర్తి చెయ్యండి" అని అడగండి. మర్యాదగానే అడగండి.

ఆవేళ మా మేనకోడలు అదే చేసింది. ఖాళీ కప్పులు ట్రేలో సర్దుతూ, "సో... అంటే ఏమిటి అంకుల్?" అంది, చాలా మెత్తగా. ఆయన "అబ్బే, ఏం లేదమ్మా, ఊరికే" అంటూ కుర్రాడి వైపు చూశారు. కుర్రాడు నేల వైపు చూశాడు.

వాళ్ళ దగ్గర్నుంచి ఇంకా ఫోను రాలేదు. పిల్ల మాత్రం సోమవారం ఉదయం ఎప్పటిలాగే క్యారేజీ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది.