కాళ్లు రాయి, కప్పు కర్ర

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్ల అంచున లేస్తున్న కొత్త ఇళ్ల ముందు ఇనుప గొట్టాలు వంచి చేసిన తోరణాలు, చెట్టు మానులా పోతపోసి రంగు వేసిన సిమెంటు స్తంభాలు కనిపిస్తున్నాయి. పెరడు పల్లెటూరి తీరుగా ఉండాలన్న కోరికతో పెట్టుకున్నవే అవన్నీ. కోరిక మంచిదే. అయితే పల్లె పోలికను దుకాణంలో కొనుక్కోవాల్సిన ఖర్మ ఈ మూడు ఊళ్లకు లేదు. చుట్టూ ఉన్న పొలాల్లో, క్వారీల్లో, బీళ్లలో దొరికే సరుకుతోనే పదికాలాలు నిలిచి, కూరకు కాయలిచ్చే పందిలి వేసుకోవచ్చు. ఒక్క నియమం తప్పకపోతే చాలు: మట్టిలో దిగేది రాయి కావాలి, కర్ర పైనే ఉండాలి.

ఈ నియమానికి సాక్ష్యం టమోటా తోటల్లోనే ఉంది. ఆసియాలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటైన మదనపల్లెకు కాయ పంపే రైతులు మొక్కకు ఊతంగా వెదురు, సరుగుడు, నీలగిరి కర్రలు నాటుతారు. కొన్ని పంటలు చూసిన కర్రను పీకి చేతిలోకి తీసుకోండి. భూమిలో దిగిన జానెడూ నల్లబడి, గోటితో గీరితే పొట్టులా రాలుతుంది. ఆ పక్కనే చెద పాకిన మట్టి గీతలు. పైన మిగిలిన మూడు నాలుగు అడుగులు మాత్రం గట్టిగానే ఉంటాయి. తడీ గాలీ రెండూ అందే నేలమట్టం దగ్గరే బూజు కర్రను తినేస్తుంది. ఆ కుళ్లిన కాలు కోసేసి మిగతాది కప్పుకు వాడితే మరికొన్నేళ్లు పనిచేస్తుంది. ఇక కాళ్లకు రాతి కూసాలు ఉండనే ఉన్నాయి. ద్రాక్షకు, కాకరకు శాశ్వత పందిళ్లు వేసే రైతులు కూసాలు నాటి వాటి మీద జీఐ తీగ లాగడం ఈ సీమలో పాత పద్ధతే. కుప్పం గ్రీన్ గ్రానైటు పుట్టిన నేల ఇది. పాలిష్ పలకకు పనికిరాని రాయి పందిలి కాలికి భేషుగ్గా పనికొస్తుంది.

పెరటికి ఎనిమిదడుగుల చదరం చాలు. తొమ్మిదడుగుల కూసాలు నాలుగు తెచ్చి, రెండడుగులు గుంతలో దించి, గులకరాళ్లు, గరుసు వేసి దిమ్మిస కొట్టాలి. పైన ఏడడుగులు మిగలాలి. సొరకాయ, బీరకాయ మూరెడు కిందికి వేలాడుతుంది కాబట్టి అంతకు తగ్గితే తల తగులుతుంది. కూసాల నెత్తిన ఎదురెదురుగా రెండు సరుగుడు దూలాలు వేసి, వాటిమీద మూడడుగుల లోపు ఎడంతో మరికొన్ని దూలాలు పరిస్తే, పొట్టి టమోటా కర్రలు కూడా వాటిమీద అడ్డంగా సరిపోతాయి. కట్టడానికి నైలాన్ దారం వద్దు, ఎండకు పొడిపొడి అవుతుంది. జీఐ తీగ వాడాలి. లావుపాటి నున్నని గొట్టాన్ని పట్టుకోలేని నులితీగలు సన్న కర్రను ఇట్టే చుట్టేస్తాయి. ఇంటికి పడమట వేస్తే గోడకు ఎండ తగ్గుతుంది. తొలకరికి బీర పెడితే ముందుగా కాపుకొస్తుంది. అప్పుడే పెట్టిన తీగచిక్కుడు పగళ్లు పొట్టివయ్యాకే పూస్తుంది కనుక, బీర ఉడిగే వేళకు అది అందుకుంటుంది. పూలే కావాలంటే రాధామనోహరం. సాయంత్రం తెల్లగా విచ్చి, మర్నాటికి గులాబీకి, ఆపైన ఎరుపుకు తిరిగే ఆ గుత్తులను మించిన అలంకారం గేటుకు లేదు. కాకపోతే ఆ తీగ బరువెక్కుతుంది, దానికి రాతి కాళ్లే గతి.

పక్కల అల్లికకు లాంటానా కంప ఉంది. కర్ణాటకలోని మలె మహదేశ్వర బెట్టలో సోలిగ గిరిజనులు దాని కొమ్మలను ఉడికించి, తోలు తీసి కుర్చీలు అల్లుతున్నారు. మేతభూములను మింగే కంప అలా తడికైతే ఊరికీ మేలే.

పందిలి వేస్తే పాములొస్తాయని చాలామంది జంకుతారు. పాము వచ్చేది ఎలుకల కోసం, దాగడానికి చెత్తా కట్టెలూ ఉన్నచోటికి. పందిలి కింద ఊడ్చుకుంటే, అక్కడ కట్టెలు పేర్చకపోతే ఆ భయం చాలావరకు తీరుతుంది. చెదలంటారా, అవి మట్టి నుంచే ఎక్కుతాయి. రాతి కాలు మీద వాటి మట్టి బాట స్పష్టంగా కనబడుతుంది, చీపురుతో రాల్చేయవచ్చు. కర్ర బెరడు తీసి వాడితే దాని కింద పురుగు చేరదు. కప్పు కొన్నేళ్లకు మార్చాలన్నది నిజం. అయినా మార్చేది పైకర్రలే కదా, తుప్పుపట్టిన ఇనుప తోరణమైతే మొత్తం పీకాల్సిందే. స్థలం లేనివాళ్లకు గేటుకు రెండు కూసాలు, పైన ఒక దూలం చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు. రాయి బరువు మోస్తుంది గానీ పక్కకు లాగితే పుటుక్కున విరుగుతుంది. కూసానికి పిల్లల ఊయల ఎన్నడూ కట్టకండి.

వెదురుకు కూడా ఇప్పుడు పాత అనుమతుల ఇబ్బంది చాలావరకు లేదు. 2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెరిగే వెదురును చెట్టు నిర్వచనం నుంచి తీసేశారు. పురపాలక సంఘాలు తమ పార్కుల్లో ఒక్కో రాతి కాళ్ల పందిలి వేసి చూపిస్తే జనం చూసి నేర్చుకుంటారు. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఇనుప తోరణానికి బయానా ఇచ్చే ముందు, ఊరి పక్క టమోటా రైతును పాత కర్రల కోసం ఒక మాట అడగండి. పొయ్యిలోకి పోయే కర్రకు ఆయనకూ నాలుగు రూపాయలు వస్తాయి.