బీపీ మందుకు కరెంటు దారి ఎవరికి కావాలి?

బీపీ మందును మింగే పని లేకుండా, చిన్న బ్యాటరీ కరెంటుతో చర్మంలోంచి ఒంట్లోకి పంపే పద్ధతి మీద చాలాకాలంగా ప్రయోగాలు జరుగుతున్నాయి. దీన్ని అయాంటోఫోరెసిస్ అంటారు. ధనావేశమున్న మందును ధన ఎలక్ట్రోడ్ కింద ఉంచి, చదరపు సెంటీమీటరుకు అర మిల్లీయాంపు మించకుండా కరెంటు ఇస్తే, వికర్షణ బలం మందును చర్మంలోకి నెడుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త స్టెఫాన్ లెడ్యూక్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే కుందేళ్ల మీద దీన్ని రుజువు చేశాడు. ప్రొప్రనొలాల్ లాంటి మందుకు ఈ దారి నప్పుతుంది. మాత్రగా వేసుకుంటే అందులో సుమారు పావు వంతే రక్తంలోకి చేరుతుంది, మిగతాది చాలావరకు కాలేయంలోనే విరిగిపోతుంది. పైగా కరెంటు పెంచితే మోతాదు పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. చర్మానికి అంటించే మామూలు మందు పట్టీకి లేని ఈ అదుపే దీని అసలు బలం.

అయినా రోజూ మాత్ర వేసుకునే కోట్లమందికి ఇదే రేపటి చికిత్స అనడం సరికాదు. వాళ్లలో చాలామంది వాడే ఆమ్లోడిపిన్ మింగినా సగానికి పైగా రక్తంలోకి చేరుతుంది, రోజుకొక్కటి చాలు, ధరా తక్కువే. కరెంటు వచ్చి తీర్చాల్సిన లోటు అక్కడ లేదు. ప్రపంచంలో బీపీ ఉన్న ఐదుగురిలో ఒకరికే అది అదుపులో ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మిగతా నలుగురిలో ఎక్కువమందికి అడ్డుపడుతున్నది మాత్ర మింగడం కాదు. జబ్బు ఉన్నట్టే తెలియకపోవడం, ఒంట్లో బాగానే ఉంది కదా అని మందు మానేయడం, దగ్గర్లో మందు దొరక్కపోవడం. భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమం మొదలైన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ కార్యక్రమం నమ్ముకున్నవి కూడా మామూలు మాత్రలు, తప్పకుండా ఉండే నిల్వలు, రాకుండా పోయినవాళ్లను మళ్లీ పిలిచే ఏర్పాటు.

మరిచిపోయేవాళ్లకు పట్టీ మేలు కదా అనవచ్చు. వారానికొకసారి అంటించే క్లోనిడిన్ పట్టీ అమెరికాలో 1984 నుంచీ ఉంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు. అయితే దాన్ని మార్చడం మరిచి మందు హఠాత్తుగా ఆగిపోతే బీపీ ఒక్కసారిగా ఎగబాకే ప్రమాదముంది. కరెంటు పట్టీ ధర మున్ముందు తగ్గుతుందన్న మాట నిజమే కావచ్చు, కానీ చర్మం సంగతి? మైగ్రేన్ కోసం 2013లో అనుమతి పొందిన జెక్యూటీ అనే కరెంటు పట్టీ వల్ల కాలిన గాయాలు, మచ్చలు పడుతున్నాయన్న ఫిర్యాదులతో దాని అమ్మకాలు 2016లో ఆగిపోయాయి. అది నొప్పి వచ్చినప్పుడు మాత్రమే వాడేది. బీపీ మందు ఏళ్ల తరబడి వాడాలి, అదీ వయసు మీద పడి పల్చబడిన చర్మం మీద.

పరిశోధన ఆపమని నేననడం లేదు, గురి మార్చమంటున్నాను. పక్షవాతంతో మింగలేకపోతున్నవాళ్లకు, ఆపరేషన్ తర్వాత నోటితో ఏమీ తీసుకోకూడనివాళ్లకు ఇప్పుడు ముక్కు గొట్టమో, నరానికి ఇంజెక్షనో గతి. నర్సు కళ్లెదుట, కొద్దిరోజుల పాటు, ఈ కరెంటు పట్టీని ముందుగా వాళ్ల దగ్గర, వాళ్ల సమ్మతితో పరీక్షించాలి. బీపీ ఎంత తగ్గిందో రాసుకునే కాగితం మీదే, పట్టీ తీశాక చర్మం ఎలా ఉందో కూడా రాయాలి.