‘నీ కోసమే’ అంటే సరిపోతుందా?

మొన్న శనివారం రాత్రి అడిలైడ్‌లో మా రూములో నలుగురం కూర్చుని ‘లాస్ట్ రైడ్’ చూశాం. 2009లో వచ్చిన ఆస్ట్రేలియా సినిమా. దర్శకుడు గ్లెండిన్ ఐవిన్. ‘మ్యాట్రిక్స్’ విలన్‌గా మనవాళ్లకు తెలిసిన హ్యూగో వీవింగ్ ఇందులో కెవ్ అనే తండ్రి. ఒక దారుణం చేసి, పదేళ్ల కొడుకుని వెంటేసుకుని, పోలీసులకు దొరక్కుండా సౌత్ ఆస్ట్రేలియా అంతా తిరుగుతుంటాడు. పిల్లాడి పేరు చుక్. ఇక్కడి వాడుకలో చుక్ అంటే కోడి.

సినిమా అయ్యాక మాలో ఒకాయన “ఎంత చెడ్డోడైనా కొడుకంటే ప్రాణం వాడికి” అన్నాడు. మిగతావాళ్లు తలూపారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు.

మనకు అలవాటైన లెక్క అదే మరి. 1987లో ‘పసివాడి ప్రాణం’ చూశాం. తాగుడులో మునిగిన చిరంజీవి చెవిటి, మూగ పిల్లాడి కోసం ప్రాణాలొడ్డి పోరాడితే ఈలలు వేశాం. పసివాడి చెయ్యి పట్టుకుంటే చాలు, మనిషి మంచోడైపోతాడని నమ్మేశాం. 1993లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన ‘ఎ పర్‌ఫెక్ట్ వరల్డ్’లో జైలు నుంచి పారిపోయిన కెవిన్ కాస్ట్‌నర్ కూడా ఎత్తుకొచ్చిన పిల్లాడికి తండ్రిలాగే దగ్గరవుతాడు. కానీ పిల్లల్ని కొట్టేవాళ్లంటే పడని ఆ మనిషే, ఒకసారి కోపంలో ఆ పిల్లాణ్నే హడలగొడతాడు. ఆ భయం ఎంతదాకా పోతుందో సినిమాలో చూడాల్సిందే.

‘లాస్ట్ రైడ్’ ఇంకా కఠినం. కెవ్ ఒక పూట కొడుకుతో నవ్వుతాడు, ఇంకో పూట చెయ్యి చేసుకుంటాడు. గైర్డ్‌నర్ ఉప్పు సరస్సులో పల్చటి నీళ్ల మీద కారు పోతుంటే ఆకాశంలో నడిపినట్టే ఉంటుంది. మనం ఆ అందం చూస్తుంటాం. పిల్లాడు మాత్రం తండ్రి మొహం చూస్తుంటాడు. ఈయన మాట నమ్మొచ్చా, నమ్మకూడదా అని. ముగింపు చెప్పను గానీ, చివరికి తేల్చుకోవాల్సి వచ్చేది ఆ పదేళ్లవాడే. అదీ నా బాధ.

మనం నేరాలు చేసి పారిపోయి రాలేదు, నిజమే. అయినా మన నోట్లోనూ అదే మాట, ‘నీ కోసమేరా ఇదంతా’ అని. మా బాబుకి ఎనిమిదేళ్లు, వాళ్లమ్మతో ఊళ్లో ఉంటాడు. “ఈ స్లాబ్ అయిపోగానే వస్తా నాన్నా” అని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఇంకో స్లాబ్ వచ్చింది. మొన్న ఆదివారం ఫోన్లో “నిజంగా వస్తావా, ఊరికే అంటున్నావా?” అన్నాడు. వాడు ఏడ్చి ఉంటే బాగుండేది. మామూలుగా అడిగాడు.

కుటుంబం ఇక్కడే ఉన్నవాళ్ల కథ ఇంకోటి. సైటులో పడ్డ మాటలన్నీ ఇంటికి మోసుకెళ్లి పిల్లల మీద దింపుతాం. మర్నాడు బొమ్మ కొనిచ్చి సరిపోయిందనుకుంటాం. బొమ్మ తీసుకున్నంత మాత్రాన వాడు మర్చిపోయినట్టు కాదు.

ప్రేమ లేదని ఎవరూ అనడం లేదు. కెవ్‌కీ ఉంది. కానీ ప్రేమ ఉందని చెప్పి దెబ్బకి, అబద్ధానికి మాఫీ అడగకూడదు. తప్పు చేస్తే పిల్లాడికైనా తప్పయిందని చెప్పాలి. ఇంట్లో చెయ్యి లేచేదాకా వస్తే పరువని దాచుకోవద్దు. 1800 737 732కి రాత్రీపగలూ ఎప్పుడైనా చేయొచ్చు. పిల్లలు తామే మాట్లాడాలనుకుంటే కిడ్స్ హెల్ప్‌లైన్ 1800 55 1800.

నా సంగతికొస్తే, టికెట్ చేతికి వచ్చేదాకా వాడికి ఇక తేదీ చెప్పను. చెప్పిన తేదీ తప్పను.