తప్పు స్ప్రింగుది కాదు

ఎయిర్‌సాఫ్ట్ ఆటలో వాడే ఎలక్ట్రిక్ తుపాకీలో గుండు వేగం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తోందని ఎవరైనా అంటే చాలు, స్ప్రింగ్ మార్చమనే సలహా సిద్ధంగా ఉంటుంది. తుపాకీ విప్పి చూడరు, పది గుండ్లు వరుసగా కాల్చి వేగం రాసుకోరు. రోగం చూడకుండానే మందు రాసేస్తారు. కొత్తగా ఆటలోకి వచ్చినవారు ఆ మాట నమ్మి డబ్బు పోసి గట్టి స్ప్రింగ్ కొంటారు. వేగం పెరుగుతుంది గానీ నిలకడ మాత్రం రాదు. ఆ మీదట ఇంకా గట్టి స్ప్రింగ్ కొనమంటారు. ఈ సలహా ఇన్నేళ్లుగా చలామణీ అవుతుండటం సిగ్గుచేటు. ఈ తుపాకీ పనిచేసే తీరు ఒక్కసారి గమనించినా అది తప్పని తెలిసిపోతుంది.

1991లో జపాన్ కంపెనీ టోక్యో మరూయి ఫామాస్ రైఫిల్ నమూనాతో ఈ రకం తుపాకీని తెచ్చినప్పటి నుంచి దాని మూలసూత్రం మారలేదు. మోటారు గేర్లను తిప్పుతుంది. చివరిదైన సెక్టర్ గేరు తన పళ్లతో పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది, దాంతో స్ప్రింగ్ ముడుచుకుంటుంది. గేరు పళ్లు అయిపోగానే పిస్టన్ చటుక్కున ముందుకు దూకుతుంది. సిలిండర్లోని గాలి నాజిల్ గుండా వెళ్లి గుండును తోస్తుంది. గేరు మీది పళ్లు కాల్పు కాల్పుకూ మారవు కాబట్టి స్ప్రింగ్ ప్రతిసారీ ఒకే దూరం ముడుచుకుంటుంది, ఒకే శక్తిని దాచుకుంటుంది. అలసిపోయిన స్ప్రింగ్ అన్ని గుండ్లనూ ఒకేలా నెమ్మదిగా పంపుతుంది. అంతేగాని ఒకదాన్ని సెకనుకు 280 అడుగుల వేగంతో, ఆ వెంటనే మరోదాన్ని 310 అడుగుల వేగంతో పంపడం దాని పని కాదు. ఇంత తేడా వచ్చిందంటే గాలి ఒక్కోసారి ఒక్కో మోతాదులో ఎక్కడో జారిపోతోందని అర్థం. ఆ దారి మూయకుండా గట్టి స్ప్రింగ్ వేయడం పంక్చరైన ట్యూబుకు పెద్ద పంపు కొనడమే.

ఈ సలహా పనికిరానిది మాత్రమే కాదు, ప్రమాదకరం కూడా. జపాన్‌లో 2006లో సవరించిన చట్టం గుండు శక్తిని దాని అడ్డుకోత వైశాల్యంతో ముడిపెట్టి చదరపు సెంటీమీటరుకు 3.5 జౌళ్ల హద్దు పెట్టింది. 6 మిల్లీమీటర్ల గుండుకు లెక్కవేస్తే అది దాదాపు 0.99 జౌళ్లు, అంటే 0.2 గ్రాముల గుండుకు సెకనుకు దాదాపు 326 అడుగులు. 280 నుంచి 310 అడుగుల మధ్య ఊగుతున్న తుపాకీలో సగటును 20 అడుగులు పెంచే స్ప్రింగ్ వేశారనుకుందాం. ఆ ఊగిసలాట 299 నుంచి 331కి జరుగుతుంది. సగటు చూస్తే తుపాకీ హద్దులోనే ఉంది. గాలి జారకుండా నిలిచిన ఆ ఒక్క కాల్పులో మాత్రం చట్టం దాటింది. బ్రిటన్‌లోనూ 2017 చట్టం ఆటోమేటిక్‌గా కాల్చేవాటికి 1.3 జౌళ్లు, ఒక్కొక్కటిగా కాల్చేవాటికి 2.5 జౌళ్లు అని గీత గీసింది. ఆటస్థలంలో ఎదుట నిలబడేది మనిషి. ఏ గుండు ఎంత వేగంతో వస్తుందో తెలియని తుపాకీని మరింత శక్తిమంతం చేయమనడం బాధ్యతలేని మాట. పైగా గట్టి స్ప్రింగ్ బరువంతా పిస్టన్ పళ్ల మీద, మోటారు మీద పడుతుంది. వెర్షన్ 2 అనే రకం గేర్‌బాక్స్ షెల్ ముందు భాగంలో పగుళ్లిచ్చేది పిస్టన్ గట్టిగా కొట్టే దెబ్బలతోనే.

వేగం తేడాకు మొదట అనుమానించాల్సింది హాప్-అప్ రబ్బరును. బ్యారెల్ వెనక అంచుకు తొడిగే ఈ చిన్న గొట్టం రెండు పనులు చేస్తుంది. లోపలి బొడిపె గుండు పైభాగాన్ని రాసి వెనక్కి తిరిగే గింగిరం ఇస్తుంది. వెనక పెదవి నాజిల్‌ను హత్తుకుని గాలి జారకుండా ఆపుతుంది. పెదవి అరిగినా, రబ్బరు కాస్త మెలితిరిగి కూర్చున్నా, చలికి గట్టిపడినా పట్టు గుండు గుండుకూ మారుతుంది. బ్యారెల్ శుభ్రంగా ఉండాలని సిలికాన్ నూనె ధారగా కొట్టేవారు ఆ నూనెను బొడిపె మీదకే చేరుస్తారు. ఒక గుండు జారుతుంది, ఒకటి పట్టుకుంటుంది. ఆ తుపాకీని స్ప్రింగ్ మార్చి బాగుచేయగలిగినవారు లేరు. రబ్బరు తీసి, కడిగి, ఆరబెట్టి తిరిగి తొడిగితే చాలాసార్లు జబ్బు అక్కడితో వదులుతుంది.

తర్వాతది నాజిల్. అది అర మిల్లీమీటరు పొట్టిగా ఉన్నా రబ్బరును చేరదు. దాన్ని ముందుకూ వెనక్కూ నడిపే ట్యాపెట్ ప్లేటు అరిగినా, ఆ ప్లేటు స్ప్రింగ్ సాగినా నాజిల్ వేళకు తన చోటికి రాదు. ఒక్కొక్కటిగా కాల్చినప్పుడు బాగుండి, వరుసగా కాల్చినప్పుడు వేగం పడిపోతే ముందు ఇటు చూడాలి. సిలిండర్ లోపల పిస్టన్ తల చుట్టూ ఉండే ఓ-రింగ్ ఎండిపోవడం, సిలిండర్ తల దగ్గర సందు ఏర్పడటం కూడా మామూలే. అక్కడ పూయాల్సింది సిలికాన్ గ్రీజు. పెట్రోలియం గ్రీజు కొన్ని రకాల రబ్బరును పాడుచేస్తుంది.

ఎక్కువ వోల్టేజీ బ్యాటరీ వేస్తే వేగం కుదురుకుంటుందనే వాదనకు ఆధారమే లేదు. బ్యాటరీ పెంచేది నిమిషానికి ఎన్ని గుండ్లు పోతాయన్నది, గుండు ఎంత వేగంగా పోతుందన్నది కాదు. ఇరుకు బ్యారెల్ మాటా అంతే. 6.08 తీసి 6.03 మిల్లీమీటర్ల బ్యారెల్ వేసినా గుండు వెనక జారే గాలి జారుతూనే ఉంటుంది. చవకబారు గుండ్లలో బుడగలు, అతుకు గీతలు ఉంటాయి. వాటితో కొలిచిన కొలత లెక్కలోకి రాదు.

పరీక్ష పద్ధతి కష్టమైనదేమీ కాదు. మంచి గుండ్లు, ఒకే బరువువి తీసుకుని, హాప్-అప్ కదపకుండా, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీదుగా పది కాల్చి అంకెలు రాయాలి. బ్యాటరీ తీసేసి తుపాకీ విప్పాక, పిస్టన్, సిలిండర్, నాజిల్ కలిపి నాజిల్ రంధ్రాన్ని వేలితో మూసి పిస్టన్‌ను తోయాలి. గాలి నిలిస్తే పిస్టన్ ఆగి వెనక్కి తంతుంది, జారితే మెత్తగా లోపలికి వెళ్లిపోతుంది. అది నిలిచినా వేగం తేడా పోకపోతే లోపం నాజిల్‌కూ రబ్బరుకూ మధ్య ఉంది. ఒక్కసారి ఒక్క భాగమే మార్చి మళ్లీ పది కాల్చాలి. అంకెలు దగ్గరదగ్గరగా వచ్చి, సిలిండర్‌లో గాలి నిలుస్తూ, అన్నీ కలిసి ఉండాల్సినదానికంటే తక్కువగా ఉన్నప్పుడు మాత్రమే స్ప్రింగ్ మార్చాలి. అదీ ఆటస్థలం హద్దు చూసుకుని, ఒక్క మెట్టు మాత్రమే పెంచి.